మాటని తిట్టేముందు దాని పక్క గళ్ళు చూడు

చిట్టీ,

పేపర్లో వచ్చే గళ్ళ పజిల్ (క్రాస్‌వర్డ్) మీద పేపరువాళ్ళకి పంపడానికి నువ్వు రాసిన ఉత్తరాన్ని మీ అమ్మ వాట్సాప్‌లో పెడితే రెండుసార్లు చదివాను. కోపం బాగానే రాశావు గానీ పజిల్ గురించి రాసింది తక్కువ. "థీమ్ చెత్త, మాటలు పాతచింతకాయ పచ్చడి, కూర్చినాయనకి తెలుగు రాదు" అని రాస్తే రేపటి పజిల్‌లో ఆయన సరిచేసుకోడానికి ఏముంది చెప్పు? నేను ఏళ్ళ తరబడి పొద్దున్న కాఫీతో పాటు ఈ గళ్ళు నింపుతున్నదాన్ని, కొన్నాళ్ళు ఒక వారపత్రికకి కూర్చి ఇచ్చినదాన్ని కూడా, అందుకని కాస్త చనువు తీసుకుని చెబుతున్నాను.

ఒక మాట నచ్చకపోతే, దాన్ని ఆ గళ్ళలోకి ఎవరు తోశారో ముందు చూడు. తొంభై పాళ్ళు తప్పు ఆ మాటది కాదు, దాన్ని కోసుకుంటూ వెళ్ళే నిలువు మాటదో, ఆ పైన ఎక్కడో ముందే బిగించేసిన థీమ్‌దో, అంటే పెద్ద జవాబులన్నిటినీ కలిపే అంశానిదో అయి ఉంటుంది.

నువ్వు అంత విసుక్కున్న "గోదారి తీపి" పజిల్‌నే తీసుకో. పైన పూతరేకులు, నడిమి వరసలో మడతకాజా, కింద బందరులడ్డు. "బందరు గోదావరి జిల్లాల్లో ఉందా?" అని ఒక్క ముక్కలో కొట్టిపారేశావు. నిజమే, బందరు కృష్ణా డెల్టాలోది. కానీ కూర్చినాయనకి ఆమాత్రం తెలియదనుకుంటున్నావా? వేళ్ళ మీద లెక్కపెట్టు. పూ-త-రే-కు-లు ఐదు, మ-డ-త-కా-జా ఐదు, బం-ద-రు-ల-డ్డు ఐదు. పజిల్‌ని తలకిందులుగా తిప్పి చూసినా నల్లగళ్ళు అవే చోట్ల కనిపించాలని పట్టుబట్టేవాళ్ళకి పైన ఐదుగళ్ళ మాట ఉంటే కిందా ఐదే కావాలి, కాకినాడ గొట్టంకాజా పెడదామంటే అది నాలుగే గళ్ళు, పాకుండలు పెడదామన్నా నాలుగే. ఐదో గడి కోసం పాపం కృష్ణ దాకా వెళ్ళిపోయాడు. ఇది అర్థం చేసుకుని రాసిన విమర్శ వేరు, నువ్వు రాసింది వేరు.

అసలు తప్పు ఇంకొకటుంది, అది నువ్వు పట్టుకోలేదు. మొదటి రెండింటికీ ఆధారాల్లో, అంటే జవాబు కోసం ఇచ్చే సూచనల్లో, ఊరి పేరు ఇచ్చి తీపి పేరు అడిగాడు: ఆత్రేయపురం అంటే పూతరేకులు, తాపేశ్వరం అంటే మడతకాజా. మూడోదాంట్లో ఊరి పేరు జవాబులోనే ఉండిపోయింది కాబట్టి ఆధారం "మచిలీపట్నం వారి శనగపిండి ఉండ" అని ఏదో సర్దాడు. థీమ్ అంటే కూర్చేవాడు మొదటి జవాబుతో మనకిచ్చే మాట, మూడో జవాబుకి వచ్చేసరికి ఆ మాట తప్పాడు. ఊరు ఏ జిల్లాలో ఉందనేదాని కన్నా నాకు ఇదే ఎక్కువ గుచ్చుకుంది. జిల్లా సంగతి రాయాలనుకుంటే కాస్త ఆధారంతో రాయి. బందరు లడ్డుకి 2017లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దేని ఊరు దానికి కాగితం మీదే ఉంది, ఆ ఒక్క వాక్యం చాలు, వెటకారం అక్కర్లేదు.

వీలైతే బదులు ఏం పెట్టొచ్చో కూడా చెప్పు, అప్పుడు నీ ఉత్తరాన్ని అవతలివాళ్ళు చివరిదాకా చదువుతారు. నాకైతే కొబ్బరిలౌజు తట్టింది. కొ-బ్బ-రి-లౌ-జు, సరిగ్గా ఐదు, కోనసీమలో కొబ్బరికి కరువా! అయితే దాని ఖర్చు కూడా చూడాలి. ఆ "లౌ" గడిలోంచి నిలువుగా ఏం దిగుతుంది? లౌక్యం, లౌకికం, ఇంకేముంది, లౌడుస్పీకరు. లౌక్యం అందరికీ తెలిసిన మాటే కాబట్టి గండం గడిచినట్టే. దీనికి ప్రత్యేకంగా ఒక ఊరు లేదు కాబట్టి ఆధారాలు మూడూ తయారీ మీద ఇవ్వాలి. కుండ బోర్లించి కాల్చే రేకు, పొరలు విప్పితే పాకం కారేది, బెల్లంపాకంలో ఉడికిన కోరు. చూశావా, ఒక్క మాట మారిస్తే ఆధారాలన్నీ కదిలాయి.

ఇక "అలి". తుమ్మెదని ఈ రోజుల్లో ఎవరైనా అలి అంటారా అన్నావు. ఎవరూ అనరు. రమ, ఇల, కరి, కిరి, అహి, ఇవన్నీ బజార్లో వినపడే మాటలు కావు, పజిళ్ళలోనే బతుకుతున్నాయి, ఒకటో రెండో ఉంటే నేను పట్టించుకోను. ఇక్కడ నువ్వు నిలువు చూడాల్సింది. తుమ్మెదకి రెండు గళ్ళంటే అలి కావచ్చు, తేటి కావచ్చు, భృంగం కూడా కావచ్చు. ఏదో తేల్చాల్సింది నిలువే, ఆ నిలువులో పెట్టింది "అత్తిలి". తణుకు మీదుగా భీమవరం రైల్లో తిరిగే మనకి అత్తిలి స్టేషన్ కొట్టినపిండి, అదే కర్నూల్లోనో ఆదిలాబాద్‌లోనో పేపరు తెరిచినవాళ్ళ గతేంటి? వాళ్ళకి అలీ తెలియదు, అత్తిలీ తెలియదు, ఆ "లి" గడి ఖాళీగానే మిగిలిపోతుంది. అరుదైన మాట ఉండొచ్చు, ఊరి పేరూ ఉండొచ్చు, ఆ రెండూ ఒకే గడిలో ఢీకొట్టకూడదు. వాకిలి, జాబిలి, కౌగిలి, ఆకలి, మూడు గళ్ళలో "లి"తో ముగిసేవి ఇన్ని ఉండగా అత్తిలి దాకా ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందని అడుగు. మిగతా అడ్డం మాటలు ఒప్పుకోలేదని ఆయన అంటాడేమో, అననీ, అప్పుడు మాట్లాడుకునేది పజిల్ గురించే కదా.

జవాబుల్లో తిరగేసి రాయాల్సినవీ, అక్షరాలు చెల్లాచెదురైనవీ, తోక తెగినవీ ఎక్కువయ్యాయన్నావు, అక్కడ నేను నీ పక్షమే. గోడని వెనక్కి నడిపించి "డగో" అని రాయిస్తే అందులో చమత్కారం ఏముంది, గళ్ళు కలవక చేసిన పని అని తెలిసిపోతూనే ఉంది. అన్నిటినీ ఒకే గాటన కట్టకు మరి. అదే పజిల్‌లో గబ్బిలాన్ని నిలువులో కిందనుంచి పైకి రాయించాడు, గబ్బిలం వేలాడేది అలాగే కాబట్టి! నాకు నవ్వొచ్చింది, నీ ఉత్తరంలో దాని ఊసే లేదు. బాగున్నదాన్ని బాగుందని రాయడం మొహమాటం కోసం కాదమ్మా, ఎలాంటి తిరగేత మనకి నచ్చుతుందో ఆయనకి తెలియాలి కదా.

ఇంకోటి, ఇంగ్లీషు కొలబద్ద ఇక్కడికి తేకు. న్యూయార్క్ టైమ్స్‌లో మూడక్షరాల కంటే చిన్న మాట ఉండదు, ప్రతి అక్షరమూ అడ్డంలోనూ నిలువులోనూ కలవాలి, సోమవారం తేలిగ్గా మొదలై శనివారానికి చుక్కలు చూపిస్తుంది, అంతా నిజమే. 1913 డిసెంబరు 21న ఆర్థర్ విన్ అనే ఆయన మొదటి క్రాస్‌వర్డ్ వేసిన దగ్గర్నుంచి వాళ్ళ పద్ధతి వాళ్ళ అక్షరాలకి తగ్గట్టు పెరిగింది. మనకి "స్త్రీ" అంతా ఒక్క గడిలో కూర్చుంటుంది. క, కి, కు, కౌ దేనికదే వేరే గడి, దీర్ఘం తేడా వచ్చినా అడ్డం నిలువు కలవవు. అందుకే రెండుగళ్ళ మాటలు లేకుండా తెలుగు పజిల్ కూర్చడం చాలా కష్టం, శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, అంటే ఇవే గళ్ళ పజిళ్ళు, కూర్చిన కాలం నుంచీ ఆ తంటా ఉన్నదే. "రెండు గళ్ళవి నిషేధించాలి" అన్న వాక్యం కొట్టేయ్. ఏకవచనం, బహువచనం కలవడం మాత్రం తప్పకుండా అడుగు, ఆధారం "పండు" అని ఏకవచనంలో ఉండి జవాబు "లు"తో ముగిస్తే అది ఏ భాషలోనైనా తప్పే. మూలమూలకీ "లు" కనిపించిందంటే ఆ రోజు ఓపిక లేక బహువచనాల మీద లాగించేశాడని అర్థం.

రాసేటప్పుడు నీకు రానిదాన్నీ, అన్యాయమైనదాన్నీ వేరు చేసుకో. జవాబు చూశాక "అయ్యో, తట్టలేదే" అనిపిస్తే నీకు రానట్టు. "ఇదా?!" అనిపిస్తే అప్పుడు ఆధారం మళ్ళీ చదివి కలం పట్టుకో. నింపుతున్నప్పుడే ఏ గడి దగ్గర ఆగావో పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టుకో, తర్వాత గుర్తుండదు.

"తెలుగు రాదు" అన్నదాని చోట నేనైతే ఇలా రాస్తాను: "మూడో తీపికి ఆధారం ఇచ్చిన తీరు మొదటి రెండింటితో కలవలేదండీ, కొబ్బరిలౌజు సరిపోతుందేమో చూడండి. అలి, అత్తిలి ఒకే గడిలో కలవడం బయటి జిల్లాలవాళ్ళకి ఇబ్బంది. గబ్బిలం భలే ఉంది." ఇంతే. నాలుగు పేజీలెందుకు?

మార్చాక నాకోసారి పంపు, చూసి ఇస్తాను. ఇవాళ్టిది మీ పెదనాన్న ఇంకా నింపుతూనే ఉన్నారు, ఫోన్ చేస్తే జవాబులు మాత్రం గట్టిగా చెప్పకు.

మీ పెద్దమ్మ,
అమలాపురం