వోచర్లు సరిచూసే పనిలో నేర్చుకునేది ఏముంది?

ప్రశ్న: అకౌంటెన్సీ వృత్తి పరీక్షలకు చదువుతూ, ఏడు నెలలుగా ఒక ఆడిట్ కార్యాలయంలో శిక్షణ పొందుతున్నాను. రోజంతా వోచర్లు (లావాదేవీలకు ఆధారమైన కాగితాలు) సరిచూడడం, సంస్థ లెక్కలోని బ్యాంకు నిల్వను బ్యాంకు చూపే నిల్వతో పోల్చే సమన్వయ పట్టికలు తయారు చేయడమే పని. చదివిన అకౌంటింగ్ ప్రమాణాలకూ ఈ పనికీ సంబంధం కనిపించడం లేదు. శిక్షణ ఆపి, పరీక్షలన్నీ పూర్తి చేసుకున్నాక పనిలో చేరడం మంచిదా?

జవాబు: శిక్షణ ఆపవద్దు. మీ విసుగు సహజమే గాని, మీరు చిన్నదిగా చూస్తున్న ఆ పనిని ఇంకా సగమే చేస్తున్నారేమోనని నాకు అనిపిస్తోంది.

రేపు మీ చేతికి వచ్చే ఒక కొనుగోలు వోచరునే తీసుకోండి. ఇన్‌వాయిస్ మొత్తం పద్దుతో సరిపోయిందని టిక్కు పెట్టి పక్కన పెడితే మీరు చూసింది అంకెలను మాత్రమే. దాని పక్కన కొనుగోలు ఆర్డరునూ, సరుకు అందినట్టు గోదాములో సంతకం చేసిన రశీదునూ పెట్టి చూడండి. ఆర్డరులోనూ ఇన్‌వాయిస్‌లోనూ 100 పెట్టెలు ఉండి, రశీదులో 90 మాత్రమే ఉంటే, రాని 10 పెట్టెలకు సొమ్ము ఎందుకు చెల్లించారని అడగవలసి వస్తుంది. ఇన్‌వాయిస్ తేదీ సంవత్సరాంతానికి ఒక రోజు ముందుదై, సరుకు నాలుగు రోజుల తర్వాత అందితే, ఆ కొనుగోలు ఏ సంవత్సరానిది, ముగింపు సరుకులో దాన్ని కలిపారా లేదా అన్నది తేల్చాలి. సరుకుపై హక్కు ఎప్పుడు చేతులు మారిందో ఒప్పందపు షరతుల్లో వెతికిన రోజున, సరుకు నిల్వల ప్రమాణంలో మీరు కంఠస్థం చేసిన వాక్యం దేనికోసం రాశారో తెలుస్తుంది.

అయితే అనుభవం ఒక్కటే చాలదు. అంకణాలో, అంటే అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ నిల్వల మొత్తాలు సమానమో కాదో చూసే పట్టికలో, 2,700 తేడా వస్తే, అది 9తో నిశ్శేషంగా భాగించబడుతుంది కనుక అంకెలు తారుమారయ్యాయేమోనని పని తెలిసినవారు ముందుగా వెతుకుతారు. 6,300 బదులు 3,600 పడి ఉండవచ్చు. ఇది పనిచేస్తూ వచ్చే నేర్పు. కానీ యంత్రం మరమ్మతు ఖర్చును యంత్రాల ఖాతాలోనే రాశారనుకోండి. అప్పుడు అంకణా చక్కగా కుదురుతుంది, వెతకడానికి తేడాయే ఉండదు. ఆ ఏడాది లాభం ఎక్కువగా కనబడుతుంది, తరువాతి ఏళ్ల తరుగుదల లెక్క కూడా తప్పవుతుంది. మూలధన వ్యయానికీ (ఏళ్ల తరబడి ఉపయోగపడే ఆస్తిపై ఖర్చు) రాబడి వ్యయానికీ (ఆ ఏడాదికే చెందే ఖర్చు) భేదం చదివి గ్రహించినవారికే ఈ తప్పు కంటబడుతుంది. అందుకే చదువు ముందు, పని తర్వాత అని వరుస పెట్టడాన్ని నేను ఒప్పుకోను; రెండూ ఒకే రోజున జరగాలి.

వృత్తి చరిత్ర కూడా ఈ మాటే చెబుతుంది. లూకా పచోలీ 1494లో వెనిస్‌లో అచ్చు వేయించిన గణిత గ్రంథంలో జంటపద్దు విధానాన్ని (ప్రతి లావాదేవీని ఒక ఖాతాలో డెబిట్‌గా, మరొక ఖాతాలో క్రెడిట్‌గా రాసే పద్ధతి) వివరించాడు గాని, దాన్ని కనిపెట్టింది ఆయన కాదు. అక్కడి వర్తకులు అప్పటికే పాటిస్తున్న పద్ధతినే ఆయన గ్రంథస్థం చేశాడు. ఈనాడు అంతర్జాతీయ అకౌంటెంట్ల సమాఖ్య విద్యా ప్రమాణాలలో అయిదవది పూర్తిగా పని అనుభవానికి సంబంధించినది, ఏడవది అర్హత పొందాక కూడా కొనసాగవలసిన అభ్యాసానికి సంబంధించినది. ఆ ఏడవదాని అవసరం లీజుల విషయంలో స్పష్టంగా కనబడింది. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం చాలా లీజుల అద్దెను కేవలం ఖర్చుగా రాయడానికి అలవాటుపడినవారు, 2019 జనవరి 1 నుంచి కొద్ది మినహాయింపులు తప్ప, లీజుకు తీసుకున్నవారి ఆస్తి అప్పుల పట్టీలో వినియోగ హక్కును ఆస్తిగా, చెల్లింపుల బాధ్యతను అప్పుగా చూపవలసి వచ్చింది.

మీరు చేయవలసిన పని ఇది. ప్రతిరోజూ ఒక్క సందేహాన్ని నోటుబుక్కులో రాసుకోండి, దానికి సంబంధించిన ప్రమాణంలోని పేరాను ఆ సాయంత్రమే చదవండి, మీకు తోచిన జవాబుతో మర్నాడు సీనియరు దగ్గరకు వెళ్లండి. ఖాళీ చేతులతో వెళ్లి అడిగేవారికన్నా, ఒక జవాబు పట్టుకుని వెళ్లినవారికి సీనియర్లు ఎక్కువ సమయం ఇస్తారు. మీ ఆడిట్ పత్రాల విషయంలోనూ ఇంతే శ్రద్ధ చూపండి. ఆ పనితో ఇంతకుముందు ఏ సంబంధమూ లేని అనుభవజ్ఞుడైన ఆడిటరు చదివినా, ఏం చూశారో, ఏ ఆధారం దొరికిందో, ఏ నిర్ణయానికి వచ్చారో అర్థమయ్యేలా ఉండాలని ఆడిట్ ప్రమాణమే కోరుతుంది. "సరిచూశాను" అన్న ఒక్క మాట దానికి సరిపోదు.

శిక్షణలో ఏడాది నిండేసరికి, ఒక చిన్న సంస్థ లెక్కలను వోచర్ల నుంచి ఆస్తి అప్పుల పట్టీ దాకా పూర్తిగా మీకే అప్పగించమని మీ పర్యవేక్షకులను అడగండి. అప్పటికీ వోచర్లు తప్ప మరే పనీ ఇవ్వకపోతే కార్యాలయం మారే విషయం ఆలోచించవచ్చు గాని, శిక్షణను మాత్రం మధ్యలో వదలకండి.