స్టాలిన్ పక్కన నీళ్లయిపోయిన మనిషి

స్టాలిన్ ఫొటోలోంచి మాయమైన ఆ పొట్టాయన ఎవరు, అంత ఎత్తుకెళ్లి ఎలా పడ్డాడు అని అడిగారు. ఆయన నికొలాయ్ యెజోవ్, స్టాలిన్ కాలంలో సోవియట్ రహస్య పోలీసు శాఖ ఎన్‌కేవీడీకి అధిపతి.

చిన్నప్పుడు మా స్కూలు పుస్తకాలన్నిటికీ 'సోవియట్ భూమి' పత్రిక కాగితాలే అట్టలు. తాతయ్య పాత కమ్యూనిస్టు. ఈ ఫొటో సంగతి మొదటిసారి ఎత్తితే "అదంతా అమెరికావాళ్ల ప్రచారంరా" అని కొట్టిపారేశారు. చాలా ఏళ్ల తర్వాత రెండు ఫొటోలూ ఫోన్లో పక్కపక్కన పెట్టి చూపించాను. మాస్కో కాలువ గట్టు మీద స్టాలిన్, ఆయన పక్కన యెజోవ్. రెండోదాంట్లో యెజోవ్ ఉన్నచోట ఉత్త నీళ్లు. తాతయ్య రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశారు. "నీళ్లు బాగానే కలిపాడు" అన్నారు, అంతే.

యెజోవ్ పని చేతగాక పడిపోయాడని చాలామంది అనుకుంటారు. నాకైతే తిరగేసి చెప్పాలనిపిస్తుంది, చెప్పిన పని చేసేశాడు కాబట్టే పడ్డాడని. 1936 సెప్టెంబరులో అప్పటి ఎన్‌కేవీడీ అధిపతి యగోదాను తప్పించి ఈయన్ను కూర్చోబెట్టారు, యగోదా చురుగ్గా లేడని. 1937 జులైలో వచ్చిన 00447 నంబరు ఉత్తర్వులో ఏ ప్రాంతంలో ఎంతమందిని కాల్చాలో, ఎంతమందిని శిబిరాలకు పంపాలో కోటాలున్నాయి, రేషన్ లెక్కల్లాగా. 1937, 38 రెండేళ్లలో కాల్చి చంపినవాళ్లు 6,81,692 మందని వాళ్ల సొంత రికార్డులే చెబుతాయి. యగోదా కూడా 1938 మార్చిలో అలాగే పోయాడు.

ఆ పని ముగింపుకొచ్చాక నెపం మోయడానికి ఒక మనిషి కావాలి కదా. 1938 ఆగస్టులో బెరియా అనే ఆయన్ను యెజోవ్‌కు డిప్యూటీగా తెచ్చి పెట్టారు. నవంబరులో యెజోవ్ భార్య నిద్రమాత్రలు మింగి చనిపోయింది, ఆ నెలలోనే పదవీ పోయింది. 1939 ఏప్రిల్లో అరెస్టు. సోదాలో ఆయన బల్లలో కాగితాల్లో చుట్టిన తుపాకీ గుళ్లు దొరికాయి. స్టాలిన్ కాల్పించిన పాత పార్టీ నాయకులు జినోవియెవ్, కామెనెవ్‌లను చంపినవట, పైన పేర్లు రాసి దాచుకున్నాడు!

కోర్టులో తాను గూఢచారిని కానన్నాడు, కొట్టి ఒప్పించారన్నాడు. తన శాఖలోనే 14,000 మందిని ఏరేశానని, అంత తక్కువమందిని ఏరెయ్యడమే తన తప్పని కూడా అన్నాడు. 1940 ఫిబ్రవరిలో కాల్చేశారు.

పెంపుడు కూతురు నటాలియాను ఇంటిపేరు మార్చి అనాథాశ్రమంలో వేశారు. 1998లో ఆయన కేసు మళ్లీ రష్యా సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. నిర్దోషిగా ప్రకటించడానికి కోర్టు ఒప్పుకోలేదు.