గ్రాండియాలో గెలవాలంటే తెర అడుగున చూడండి

ప్రశ్న: ‘గ్రాండియా’ వీడియో గేమ్ ఆడుతున్నాను. యానిమే (జపాన్ కార్టూన్ చిత్రం) చూస్తున్నట్టే ఉండి బాగా నచ్చింది. కానీ పెద్ద శత్రువు ఎదురైతే ఓడిపోతున్నాను. చిన్న శత్రువులతో పదేపదే పోరాడి నా పాత్రల లెవెళ్లు (బలం స్థాయులు) పెంచుకోవాలా? భోజనాల దగ్గర పాత్రలు చెప్పుకునే కబుర్లు వదిలేస్తే నష్టమా?

జవాబు: లెవెళ్ల కోసం ఆగకండి. గేమ్ ఆర్ట్స్ సంస్థ 1997లో సెగా శాటర్న్ అనే గేమ్ యంత్రం కోసం తెచ్చిన ఈ ఆటలో గెలుపంతా సమయంలోనే ఉంది. పోరాటంలో తెర అడుగున ఒక గీత కనిపిస్తుంది కదా, అందరి బొమ్మలూ దాని మీదే కదులుతాయి. ‘కామ్’ దగ్గరికి చేరిన వారు ఏం చేయాలో నిర్ణయించుకుంటారు, ‘యాక్ట్’ దగ్గర అది చేస్తారు. శత్రువు ఈ రెండింటి మధ్య ఉండగా ‘క్రిటికల్’ అనే రకం దెబ్బ తగిలిందంటే, అతడు చేయబోయిన పని అక్కడికక్కడే రద్దవుతుంది. ‘కాంబో’ అనే మరో రకం దాడితో రెండు దెబ్బలు పడతాయి కాబట్టి చేయి అటే పోతుంది. పెద్ద మంత్రానికి సిద్ధమవుతున్న శత్రువు మీద మాత్రం క్రిటికలే వాడండి. మీ వంతు వచ్చినప్పుడు ఆట ఆగి ఎదురుచూస్తుంది, కంగారు అక్కర్లేదు. ఎవరి బొమ్మ ఎక్కడుందో చూసుకున్నాకే మీట నొక్కండి.

ఆయుధాలూ మంత్రాలూ వాడినకొద్దీ పదునెక్కుతాయి. ఒక్క కత్తినే పట్టుకుని కూర్చోకుండా దారిలో అన్నీ మార్చి మార్చి వాడితే చాలు.

ఇక కబుర్లు. దయచేసి వదలకండి! నాకు ఈ ఆటలో ప్రాణం అక్కడే ఉంది. కథానాయకుడు జస్టిన్ సాహసానికి బయలుదేరతాడు, వెంట చిన్నపిల్ల సూ, ఆమె పెంపుడు జీవి పఫీ. లోకమంతా ‘ప్రపంచం అంచు’ అని నమ్మే మహా గోడను వాళ్లు ఎక్కుతారు. అది ఒక్క రోజులో అయ్యే పని కాదు. మధ్యలో బస చేస్తారు, తింటారు, మాట్లాడుకుంటారు. గోడ ఎంత ఎత్తో అంకెల్లో చెప్పినా అంతగా అనిపించదు, అలసిన ఆ మాటల్లో తెలిసిపోతుంది. తరువాత ఎవరైనా జట్టును వీడి వెళ్లే ఘట్టం వస్తే మనసు కలుక్కుమనేదీ ఈ భోజనాల వల్లే. ప్రతి ఒక్కరినీ ఒకటికి రెండుసార్లు పలకరించండి, మాటలు మారుతుంటాయి. చెప్పిందే మళ్లీ చెప్పడం మొదలుపెట్టాక నిద్రకు పంపండి.