మాంసం దిగే దారి చూసుకుని ట్రిగ్గర్ నొక్కు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నెవాడాలో మగ ఎల్క్ (దుప్పి జాతి పెద్ద జంతువు) వేటకి అప్లై చేస్తున్నానని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకూ హుషారుగా ఉంది. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

తుపాకీ కొనకముందే చూసుకోవాల్సింది ఒకటుంది. నువ్వింకా హెచ్-1బీ మీదే ఉన్నావు. అలాంటి వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అందుకని ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ. నెవాడాలో 1960 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్ళెవరైనా ఆ కోర్సు చెయ్యాల్సిందే. లైసెన్సు గడువు దాటితే బీరువాలో పెట్టిన తుపాకీ కూడా నీ మెడకి చుట్టుకుంటుంది. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవాడివి, ఈ విషయంలో లాయర్ని అడక్కుండా అడుగు వెయ్యకు.

వేట అనుమతులకి తీసే లాటరీ డ్రాలో మొదటి ఏడే ట్యాగ్, అంటే ఒక జంతువుని వేటాడే అనుమతి చీటీ, వస్తుందని ఆశ పెట్టుకోకు. రానప్పుడల్లా ఒక బోనస్ పాయింటు చేరుతుంది. ఆ పాయింట్లని వర్గం చేసి లెక్కిస్తారు: 3 ఉంటే 9, 5 ఉంటే 25. ఓపికగా ఏటా అప్లై చేసేవాడికే రోజులు కలిసొస్తాయి. ఈలోగా కొండలు తిరుగు. ఈలీ ఊరి తూర్పున షెల్ క్రీక్ కొండలున్నాయి. చాలా భాగం ఫారెస్టు, బీఎల్ఎం (ఫెడరల్ భూముల శాఖ) భూములే, ఎవర్నీ అడగక్కర్లేదు. ఉత్తరాన ఐ-80 రోడ్డు వెంబడి మాత్రం జాగ్రత్త. 1860ల్లో రైల్వేకి ఒక చదరం విడిచి ఒక చదరం చొప్పున భూమి ఇచ్చేశారు, అందుకే అక్కడ ప్రైవేటు, పబ్లిక్ కలగలిసి ఉంటాయి. ఫోన్లో మ్యాపు తెరవకుండా కాలు పెట్టకు. ఇంకోటి, నీటి గుంటకి 100 గజాల లోపల గుడారం వేసి జంతువుల దారికి అడ్డుపడటం చట్టరీత్యా తప్పు. ఆ ఎడారిలో చుట్టుపక్కల బతికే ప్రతి ప్రాణీ ఆ నీళ్ళకే రావాలి, చట్టం లేకపోయినా వెయ్యకూడదు.

తుపాకీ సీజన్ ఎక్కువగా అక్టోబరు చివర, నవంబరులో ఉంటుంది. సెప్టెంబరులో మదమెక్కి ఈలలేసే ఎల్క్‌ల వీడియోలు చూసి, ఈల ఊదితే పరిగెత్తుకొస్తుందనుకోకు. అప్పటికి మగవి ఆడమందల్ని వదిలేసి, అలిసిపోయి, ఎక్కడో ఎత్తున మేస్తూ పడుకుంటాయి. ఉత్తరం వైపు వాలులో చెట్ల గుబుర్లు, పక్కనే కాస్త గడ్డి ఉన్న చోట్లు వెతుకు. నడవడం తగ్గించి, ట్రైపాడ్ మీద బైనాక్యులర్స్ బిగించి కూర్చో. ఒక్కో పొదని తాపీగా చూడు. మొత్తం జంతువు కనిపించదు. కొమ్ము కొసో, పిరుదు మీది లేత పసుపు మచ్చో కనిపిస్తుంది.

గాలి వాటం తెలియకపోతే మిగతావన్నీ వృథా. తెల్లవారుజామున చల్లగాలి లోయలోకి దిగుతుంది. ఎండ వాలు మీద పడ్డాక అదే గాలి పైకి తిరుగుతుంది. తిరిగే ఆ సమయంలో ఎటు వీస్తుందో చెప్పలేం, అప్పుడు కదలకు. సాయంత్రం నీడ పడగానే మళ్ళీ కిందకి. జేబులో చిన్న పౌడర్ డబ్బా పెట్టుకుని మాటిమాటికీ కాస్త చిమ్మి చూడు. నువ్వు కనబడితే ఎల్క్ ఒక్కోసారి ఆగి చూస్తుందేమో గానీ, నీ వాసన తగిలితే ఆ కొండే దాటిపోతుంది.

ఇక నేను గట్టిగా చెప్పదలుచుకున్నది. కొమ్ములు కనిపించగానే తుపాకీ ఎత్తకు. ఈ చోటి నుంచి మాంసం చెడకుండా బండి దాకా చేర్చగలనా అని ముందు లెక్కేసుకో. పెద్ద మగ ఎల్క్ 700 పౌండ్లు తూగుతుంది, ఎముకలు తీసినా సుమారు 200 పౌండ్ల మాంసం. ఇద్దరు మనుషులకి రెండేసి మోతలు పడతాయి, అదీ గాలి పల్చగా ఉండే ఎత్తులో. నిటారు లోయ అడుగున, పొద్దుగూకే వేళ, నువ్వొక్కడివే ఉంటే వదిలెయ్. పక్కకి తిరిగి నిలబడ్డప్పుడు ముందు కాలి వెనకగా, ఒళ్ళు ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురి పెట్టు. కాల్పులు సాధన చేసే రేంజిలో కూర్చుని ఎంత దూరం నుంచి తప్పకుండా కొట్టగలవో అదే నీ హద్దు.

పడ్డాక ఫోటోల కోసం గంట గడపకు. రాత్రి గడ్డకట్టే చలి ఉన్నా మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, పైగా ఆ మందపాటి తోలు ఒంటి వేడిని బయటకి పోనివ్వదు. అన్నిటికన్నా ముందు పాడయ్యేది తుంటి కీలు దగ్గర, ఎముకని ఆనుకున్న మాంసం. ట్యాగ్ పని ముగించి వెంటనే ఒక పక్క తోలు వలిచి, ముందు కాలు, వెనక తొడ, వీపు మాంసం విడదియ్యి. తర్వాత రెండో పక్కకి తిప్పు. పొట్ట కొయ్యక్కర్లేదు. ముక్కల్ని గాలాడే గుడ్డ సంచుల్లో వేసి నీడన కొమ్మలకి వేలాడదియ్యి. ప్లాస్టిక్ సంచుల జోలికి పోకు, వేడి లోపలే ఉండిపోతుంది. కొమ్ములు ఆఖరి మోతలో రావాలి.

ట్యాగ్ వస్తే నాకు ఫోన్ చెయ్యి. బరువు మోసే ఫ్రేము, సంచులు, కత్తులు నా దగ్గరున్నాయి, కొనకు. ఎల్క్ దొరికినా దొరక్కపోయినా జనవరి 31 లోపు వేట రిపోర్టు పంపడం మర్చిపోకు. పంపకపోతే వచ్చే ఏడు డ్రాకి అడ్డంకి.

మీ మామయ్య