అర్ధరాత్రి అలర్టు ఎవరి కోసం?

గత నెల సర్వర్ గదుల గురించి రాసినప్పటి నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. ఆఫీసులోని నెట్‌వర్కునూ సర్వర్లనూ కనిపెట్టుకుని ఉండే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఎలా ఉంటుంది, వాడినవాళ్ల అనుభవం ఏమిటి అని. చెన్నైలో ఇరవై ఏళ్లుగా నా అన్నం ఈ పనిలోనే ఉంది. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, అంబత్తూరులో వాహనాల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ఐటీ పనంతా నేనొక్కడినే చూస్తాను. నాలుగు సర్వర్లు, కంప్యూటర్లను కలిపే తొమ్మిది నెట్‌వర్కు స్విచ్‌లు, అరవై కంప్యూటర్లు, రెండు ఇంటర్నెట్ లైన్లు ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ గురించి వాకబు చేసినా ఒకరు బ్రహ్మాండం అంటారు, మరొకరు దాని జోలికి పోవద్దంటారు. మా యజమాని పైసా ఖర్చు లేకుండా కావాలంటున్నారు. ఏది పెట్టుకోమంటారు?
(అంబత్తూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆ ఇద్దరూ నిజమే చెప్పి ఉంటారు. బ్రహ్మాండం అన్నాయన మొదటి వారం సంగతి చెప్పారు. వద్దన్నాయన రెండో ఏడాది సంగతి చెప్పారు. మీరు వాకబు చేసేటప్పుడు ఎన్నాళ్లుగా వాడుతున్నారో ముందు అడగండి.

పీఆర్‌టీజీ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరానికి చెందిన పేస్లర్ సంస్థది. విండోస్ సర్వర్ మీద నడుస్తుంది. పొద్దున మొదలుపెడితే సాయంత్రం టీ వేళకు మీ స్విచ్‌లనూ సర్వర్లనూ తనంతట తానే వెతికి పట్టుకుని తెర మీద పరుస్తుంది. 100 సెన్సర్ల వరకు ఉచితం. కొత్తవాళ్లు చిక్కుకునేది ఈ సెన్సర్ అనే మాట దగ్గరే. అక్కడ సెన్సర్ అంటే పరికరం కాదు, కొలిచే ఒక్కొక్క అంశం. 24 పోర్టుల (తీగలు గుచ్చే రంధ్రాల) స్విచ్‌లో అన్ని పోర్టులనూ కొలిస్తే అక్కడికే 24 అయిపోతాయి. అలాంటివి మీకు తొమ్మిది ఉన్నాయి. స్విచ్‌కూ స్విచ్‌కూ మధ్య లంకె వేసే పోర్టులను మాత్రమే తీసుకుంటే 100లో హాయిగా సరిపెట్టుకోవచ్చు.

లాట్వియాలో పుట్టి 2001లో బయటికి వచ్చిన జాబిక్స్‌కు లైసెన్సు రుసుము లేదు. ఎన్ని పరికరాలనైనా చేర్చుకోవచ్చు. కానీ లినక్సు రావాలి, దాని వెనక ఉండే డేటాబేస్‌ను చూసుకోవడం రావాలి. పాత కొలతలు ఎన్ని రోజులు దాచాలో మొదటి రోజే తేల్చకపోతే ఆ డేటాబేస్ పెరిగి పెరిగి, తన డిస్కును తానే నింపేసుకుంటుంది. నాకు తెలిసిన రెండు ఆఫీసుల్లో సరిగ్గా అదే జరిగింది. ఉచితం అన్నప్పుడు మీ యజమానికి డబ్బు మిగులుతుంది, మీకు ఆదివారాలు పోతాయి. ఈ లెక్క ఆయన ముందు కూర్చుని చెప్పండి.

మన ఊరిదే మరొకటి ఉంది. 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలై 2009లో జోహోగా మారిన సంస్థ తొలి పని నెట్‌వర్కు పరికరాలను అదుపు చేసే సాఫ్ట్‌వేరే. వారి మేనేజ్‌ఇంజిన్ విభాగం నుంచి వచ్చేది ఆప్‌మేనేజర్. దానికి డబ్బు పరికరాల లెక్కన కట్టాలి. పోర్టులు ఎన్ని ఉన్నా లెక్క మారదు. స్విచ్‌లు ఎక్కువ ఉన్నవాళ్లకు ఇది కలిసొస్తుంది.

నేను ఈ పని నేర్చుకున్నది నాగియోస్ మీద. 1999లో నెట్‌సెయింట్ పేరుతో వచ్చింది అదే. ఒక్క ప్రింటర్‌ను చేర్చాలన్నా ఫైలు తెరిచి చేత్తో రాయాలి. ఎక్కడో ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోతే మొత్తం లేవనని మొండికేసేది. అయినా ఆ కష్టం వల్లే నా నెట్‌వర్కులో ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో నాకు కంఠస్థం అయింది. దాని మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది.

మీకు నా సలహా ఇది. లినక్సు మీద చేయి తిరిగి ఉంటే జాబిక్స్ పెట్టుకోండి, లేకపోతే పీఆర్‌టీజీ ఉచిత 100తో మొదలుపెట్టండి. ఏది పెట్టినా మొదటి నెల ముప్పై అంశాలకు మించి కొలవకండి. ఇంకొక మాట: మీరు పెళ్లికో పేరంటానికో ఊరెళ్లినప్పుడు ఆ అలర్టు ఎవరి ఫోనుకు వెళ్తుందో సాఫ్ట్‌వేర్ కొనకముందే తేల్చుకోండి. మీ ఉత్తరం మొత్తంలో నన్ను కలవరపెట్టింది ‘నేనొక్కడినే’ అన్న మాటే.

ప్రశ్న: మేడమ్, మా ఆఫీసులో మానిటరింగ్ పెట్టి ఏడాదిన్నర అయింది. రోజుకు మూడు వందల మెయిళ్లు వస్తాయి. ఎవరూ తెరవరు. ఎవరూ చూడనిదానికి లైసెన్సు ఎందుకు, తీసేయండి అంటున్నారు మా మేనేజర్. నాకు మనసొప్పడం లేదు. ఏమని జవాబు చెప్పాలి?
(గిండీ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తీసేయకండమ్మా. అలాగని ఇప్పుడు ఉన్నట్టు ఉంచడమూ వద్దు, అది తీసేయడం కన్నా ప్రమాదం. ఎందుకో నా చేతుల మీదుగా జరిగినదే చెప్తాను.

2014లో నేను ఒక ఫ్యాక్టరీకి సర్వర్లు చూసేదాన్ని. అకౌంట్ల సర్వర్‌లో నాలుగు డిస్కులు రెయిడ్ 5 పద్ధతిలో ఉండేవి. అంటే ఒక డిస్కు పోయినా పని ఆగదు, రెండోది పోతే అంతా పోతుంది. ఒక గురువారం తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలకు మూడో గడిలోని డిస్కు పోయింది. సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసింది, అదే నిమిషంలో మెయిలు పంపింది. ఆ మెయిలు ‘అలర్టులు’ అనే ఫోల్డర్‌లోకి వెళ్లింది. రోజూ వందల కొద్దీ వస్తున్నాయని వాటన్నిటినీ ఆ ఫోల్డర్‌లోకి మళ్లించే నియమం రాసింది నేనే. అప్పటికి అందులో చదవనివి ఆరు వేలకు పైగా ఉన్నాయి. సర్వర్ ముందు భాగంలో మూడో గడి దగ్గర పసుపు దీపం వెలిగి ఆరుతూనే ఉంది. దానికి అడ్డంగా ఎవరో ప్రింటరు కాగితాల పెట్టెలు పేర్చారు.

పందొమ్మిదో రోజున మరో డిస్కు కూడా పోయింది, దాంతో అంతా పోయింది. సరిగ్గా తిరిగి తెరవగలిగిన బ్యాకప్ అయిదు వారాల నాటిది. అకౌంట్ల విభాగంలో నలుగురు పదకొండు రోజుల పాటు కాగితపు వోచర్లు ముందు పెట్టుకుని మళ్లీ టైపు చేశారు. వాళ్లలో ఒకావిడ నా వైపు చూసి ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాత ఆ ఆరు వేల మెయిళ్లనూ కూర్చుని చదివాను, నాలుగు రోజులు పట్టింది. ప్రతి రకం అలర్టునూ కాగితం మీద రాసి, పక్కన రెండు గడులు గీశాను: ఇది వస్తే ఎవరు లేవాలి, లేచి ఏమి చేయాలి. రెండో గడి ఖాళీగా మిగిలిన ప్రతిదాన్నీ ఆపేశాను. సీపీయూ ఒక నిమిషం పాటు 90 శాతం దాటిందన్న అలర్టుకు ఎవరూ చేసేది ఏమీ లేదు, కాబట్టి తీసేశాను. డిస్కు 80 శాతం నిండిందన్నదీ అంతే. పదేళ్లుగా 82 దగ్గరే ఉండే డిస్కులు నేను చూశాను. దాని బదులు, ఇదే వేగంతో నిండితే ఎన్నాళ్లలో అయిపోతుందో లెక్క కట్టి, వారం లోపు అయితేనే చెప్పమన్నాను. జాబిక్స్‌లో ఈ లెక్కకు టైమ్‌లెఫ్ట్ అనే ఫంక్షన్ ఉంది.

మీ మూడు వందల్లో ఎక్కువ భాగం రెండు కారణాల వల్ల వస్తుండాలి. ఒకటి, తల్లి స్విచ్ పడిపోతే దాని కింద ఉన్న ఇరవై పరికరాలూ విడివిడిగా గగ్గోలు పెడతాయి. దేని వెనక ఏది ఉందో సాఫ్ట్‌వేర్‌కు చెప్పి పెడితే ఒక్క మెయిలే వస్తుంది. నాగియోస్, జాబిక్స్, పీఆర్‌టీజీ మూడింటిలోనూ ఆ ఏర్పాటు ఉంది. చాలా ఆఫీసుల్లో ఎవరూ దాన్ని ముట్టుకోరు. రెండోది, గీత మీద ఊగిసలాట. 90 దాటగానే అలర్టు, 89కి దిగగానే ‘సర్దుకుంది’ అని మరొకటి, మళ్లీ 91. ఎక్కడానికి 90 పెడితే దిగడానికి 75 పెట్టండి.

ఈ రెండూ ఒక శనివారంలో అయిపోతాయి. ఆ ఫ్యాక్టరీలో చివరకు రోజుకు ఆరేడు అలర్టులు మిగిలాయి, వచ్చిన ప్రతిదాన్నీ చదివేవాళ్లం. మీ మేనేజర్‌ను ఒక్క నెల గడువు అడగండి. సర్వర్ల ముందు కాగితాల పెట్టెలు ఏమైనా ఉంటే ఈ రోజే తీయించండి.

ప్రశ్న: మా 300 ఎంబీపీఎస్ లైను మధ్యాహ్నం పూట నత్తనడక నడుస్తుంది. గ్రాఫు చూస్తే మాత్రం సగం కూడా వాడినట్టు కనిపించదు. లైను ఇచ్చినవాళ్లు ఆ గ్రాఫే చూపించి తప్పు మీదే అంటున్నారు.
(శ్రీపెరుంబుదూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: గ్రాఫును నమ్మేముందు దానికి అంకెలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. ఎస్ఎన్ఎంపీ అంటే పరికరాలను అడిగి కొలతలు తెలుసుకునే పద్ధతి. అందులో రౌటర్ తన మీదుగా ఎన్ని బైట్లు వెళ్లాయో ఒక మీటరులో లెక్కపెడుతుంది. పాత మీటరు 32 బిట్లది. సుమారు 429 కోట్ల బైట్ల దాకా లెక్కపెట్టి, పాత కరెంటు మీటరు 9999 దాటినట్టు మళ్లీ సున్నాకు వస్తుంది. మీ లైను నిండుగా నడిస్తే ఆ చుట్టు రెండు నిమిషాల లోపే పూర్తవుతుంది. సాఫ్ట్‌వేర్ అయిదు నిమిషాలకొకసారి చూస్తుంటే ఈలోగా మీటరు రెండు చుట్లు తిరిగి ఉంటుంది. ఒక చుట్టు అయితే సాఫ్ట్‌వేర్ పసిగట్టగలదు, రెండు తిరిగితే దానికి తెలిసే మార్గం లేదు. అందుకే లైను నిండుగా నడుస్తున్నా గ్రాఫు తక్కువే చూపిస్తుంది.

64 బిట్ల మీటరుకు మార్చండి. ఎస్ఎన్ఎంపీ మొదటి వెర్షన్‌లో అది లేదు, 2సీ గానీ 3 గానీ కావాలి. కొలిచే వ్యవధిని నిమిషానికి తగ్గించండి. ఆ తర్వాత కూడా గ్రాఫు ఖాళీగానే ఉంటే లోపం మరోచోట ఉన్నట్టు. నాకు మళ్లీ రాయండి, వెతుకుదాం.

ప్రశ్న: అన్ని సర్వర్ల పాస్‌వర్డులూ ఒకే సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వడం క్షేమమేనా? 2020 నాటి సంగతి విన్న తర్వాత భయంగా ఉంది.
(తాంబరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ భయం సబబే. 2020 డిసెంబరులో బయటపడినది సోలార్‌విండ్స్ వారి ఓరియన్ ఉదంతం. దుండగులు ఆ సంస్థ పంపే అప్‌డేట్‌లోనే తమ కోడ్‌ను కలిపారు. దాదాపు 18,000 సంస్థలు దాన్ని నమ్మకంగా ఎక్కించుకున్నాయి. కాబట్టి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు ఇవ్వకండి, చదవడానికి మాత్రమే హక్కున్న ఖాతాను విడిగా తెరవండి. స్విచ్‌ల మీద ఎస్ఎన్ఎంపీకి పాస్‌వర్డులా పనిచేసే ‘పబ్లిక్’ అన్న పాత మాట ఇంకా ఉంటే మార్చండి. అది తీగ మీద దాపరికం లేకుండా వెళ్తుంది. వీలైన చోట ఎస్ఎన్ఎంపీ మూడో వెర్షన్ వాడండి. మానిటరింగ్ సర్వర్ నుంచి బయటి ఇంటర్నెట్‌కు అవసరమైనంత దారే వదలండి. లాగ్‌లను (పరికరాలు రాసుకునే చిట్టాలను) 180 రోజులు దాచాలనీ, సైబర్ ఘటనను ఆరు గంటల్లో తెలియజేయాలనీ కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. కాబట్టి అన్ని పరికరాల గడియారాలూ ఒకే సమయం చూపిస్తున్నాయో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: మేడమ్, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను రాత్రి నా ఫోనుకు ఒక్క అలర్టు కూడా రాలేదు. అంతా బాగానే ఉందనుకుని పడుకున్నాను. తీరా చూస్తే కరెంటు పోయి, యూపీఎస్ అయిపోయి, సర్వర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఒకటి మళ్లీ లేవలేదు. లక్షన్నర పెట్టిన సాఫ్ట్‌వేర్ ఎందుకు చెప్పలేకపోయింది?
(పెరుంగుడి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చెప్పవలసిన సర్వర్ కూడా ఆ గదిలోనే, ఆ యూపీఎస్ మీదే ఉంది కదా. మిగతావాటితో పాటు అదీ ఆగిపోయింది. ఆగకపోయినా దాని మెయిలు వెళ్లవలసింది ఆ ఆఫీసు ఇంటర్నెట్ మీదుగానే. తప్పు మీ ఒక్కరిదే అనుకోకండి. నేను చూసిన చిన్న ఆఫీసుల్లో చాలావాటిలో ఇదే ఏర్పాటు.

కావలసింది బయటి నుంచి చూసే మరో కన్ను. వేరే ఊళ్లోని చిన్న అద్దె సర్వర్ చాలు. మీ మానిటరింగ్ సర్వర్ అయిదు నిమిషాలకొకసారి దానికి ‘ఉన్నాను’ అని చెప్తూ ఉండాలి. రెండుసార్లు ఆ పలుకు వినబడకపోతే బయటిదే మీకు ఫోను చేస్తుంది. దీనితో పాటు రోజూ ఉదయం ఎనిమిదికి ‘అన్నీ నడుస్తున్నాయి’ అన్న ఒక సందేశం పెట్టించుకోండి. అది రాని రోజున కాఫీ పక్కన పెట్టి ఆఫీసుకు ఫోను చేయండి. 2016 డిసెంబరులో వర్ధా తుపానుకు మన ఊళ్లో సెల్ ఫోన్లే మూగబోయాయి. అందుకే తుపాను హెచ్చరిక ఉన్న రాత్రి, ఏ కబురూ రాకపోతే చెడు జరిగిందనే లెక్క వేసుకోవాలి.

యూపీఎస్‌కు నెట్‌వర్కు కార్డు ఉంటుంది, వేయించండి. బ్యాటరీ ఇంకా పది నిమిషాలు ఉందనగా సర్వర్లు వాటంతట అవే ఒక వరుసలో ఆగేలా పెట్టుకోవచ్చు: ముందు అప్లికేషన్లు, తర్వాత డేటాబేస్, చివర డిస్కులున్న పెట్టె. మీకు ఆ ఒక్క సర్వర్ పోవడానికి కారణం కరెంటు పోవడం కన్నా, రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోవడమే అయి ఉండాలి.

ఈశాన్య రుతుపవనాలు రాకముందే, ఏటా అక్టోబరు మొదటి శనివారం మా ఆఫీసులో ఒక పని చేస్తాం. నా సహోద్యోగి యూపీఎస్‌కు వచ్చే మెయిన్ స్విచ్ ఆపుతాడు. నేను వీధి చివర టీ దుకాణం దగ్గర ఫోను చేతిలో పట్టుకుని నిలబడి, అది ఎప్పుడు మోగుతుందో గడియారం చూస్తాను. మొన్నటి అక్టోబరులో నాలుగు నిమిషాలు పట్టింది. అది ఎక్కువే. సాఫ్ట్‌వేర్ యూపీఎస్‌ను అడిగే వ్యవధిని తగ్గించి, ఆ సాయంత్రమే మళ్లీ స్విచ్ ఆపించాను. రెండో నిమిషంలో మోగింది.