మా అక్క అవసరం లేని వస్తువులు ఎత్తుకొస్తోంది. ఇది జబ్బా, బుద్ధా?

డబ్బుకు లోటు లేదు, తెచ్చినవి వాడదు, పట్టుకుంటే ఏడుస్తుంది, రెండు వారాలకు మళ్ళీ అదే అని రాశారు. చదువుతుంటే మా నాన్నగారి మంచం కింద దొరికిన టార్చిలైట్లు గుర్తొచ్చాయి. పదకొండు. ఒక్క పెట్టె కూడా విప్పలేదు.

నాన్నగారికి పార్కిన్సన్స్, అంటే ఒళ్ళు వణికే మెదడు జబ్బు. పదిసార్లు ఆలోచించకుండా ఏదీ కొనని మనిషి. వణుకు ఎక్కువైందని ప్రామిపెక్సోల్ అనే మందు డోసు పెంచారు. కొన్ని నెలలకు రాత్రిళ్ళు ఫోన్‌లో ఆర్డర్లు పెట్టడం మొదలైంది. మొదట నవ్వుకున్నాం, తర్వాత తిట్టాం. నేనైతే "ఈ వయసులో ఈ పిచ్చేంటి" అని నలుగురి ముందూ అనేశాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది. పోనీ తిడితే ఆగిందా అంటే అదీ లేదు, దాచడం నేర్చుకున్నారు.

ఒక మామూలు చెకప్‌లో న్యూరాలజిస్టు "ఖర్చులో, తిండిలో ఏమైనా మార్పు వచ్చిందా? జూదం లాంటిదేమైనా?" అని అడిగితే నేనూ అమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ మందు మెదడులో డోపమైన్ అనే రసాయనం చేసే పని చేస్తుందట. దానివల్ల వణుకు తగ్గుతుంది, కొందరిలో మాత్రం "ఇంకా కావాలి" అనే యావ కూడా లేస్తుంది. జూదం, అదుపు లేని కొనుగోళ్ళు ఈ మందుకు తెలిసిన దుష్ప్రభావాలే. డాక్టరు డోసు మెల్లగా తగ్గించారు (ఒక్కసారిగా ఆపకూడదు). కొన్ని వారాల్లో ఆర్డర్లు ఆగాయి.

ఆ తర్వాత ఒకరోజు తీరిగ్గా కూర్చున్నప్పుడు, కొనే ముందు ఎలా ఉండేదని అడిగాను. "కొనేదాకా ఒంట్లో కుదురుండేది కాదురా. బటన్ నొక్కగానే హాయి. పెట్టె ఇంటికొచ్చేసరికి సిగ్గేసేది, అందుకే విప్పేవాణ్ణి కాదు" అన్నారు.

మీ అక్కది అచ్చంగా ఇదే అనను. నాన్నది మందు తెచ్చిన తంటా. కానీ ముందు టెన్షన్, తీసుకున్న క్షణంలో హాయి, తర్వాత కుంగిపోవడం, ఈ వరసనే క్లెప్టోమేనియాలో, అంటే అవసరం లేకపోయినా ఎత్తుకురాకుండా ఉండలేని జబ్బులో, డాక్టర్లు చూస్తారు. అవసరానికి ఎత్తేదానికీ, కోపంతో పగతో తీసేదానికీ ఆ పేరు పెట్టరు. దుకాణాల్లో దొంగతనం చేసే చాలామందికి ఈ జబ్బు ఉండదు కూడా. బైపోలార్ అనే మానసిక జబ్బులో మేనియా (విపరీతమైన ఉత్సాహం) వచ్చినప్పుడూ ఇలాంటి దూకుడు ఉంటుంది, అయితే అప్పుడు నిద్ర లేకపోయినా అలసట కనబడదు, మాట ఆగదు. కాబట్టి జబ్బుకు పేరు పెట్టే పని సైకియాట్రిస్టుకు వదిలేయండి. మీ అక్క వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్ళండి, ఇది మర్చిపోవద్దు. సాధారణంగా సీబీటీ అనే మాటల చికిత్స ఇస్తారు, కొందరికి నాల్‌ట్రెక్సోన్ లాంటి మందులూ వాడతారు.

పట్టుబడిన రోజున మాత్రం ఏమీ అడక్కండి. ఆ రోజు ఏడుపు తప్ప జవాబు రాదు. రెండు మూడు రోజులు పోనిచ్చి, "ఎందుకు చేశావు" అనకుండా "చేసే ముందు ఎలా ఉంటుంది" అని అడిగి చూడండి.

జబ్బు కదా అని వస్తువుల సంగతి వదిలేయమనడం లేదు. మేం టార్చిలైట్లలో అమ్మినవాళ్ళు వాపసు తీసుకుంటామన్నవి తిరిగి పంపేశాం. కార్డు అమ్మ దగ్గర పెట్టాం, పెట్టమన్నది నాన్నే.