సోమాలియా చేపల దోపిడీపై రాస్తానంటున్న అబ్బాయికి ఏ దారి?

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. సోమాలియా తీరంలో విదేశీ ఓడలు దొంగచాటుగా చేపలు పట్టుకుపోవడంపై రిపోర్టింగ్ చేస్తానని పట్టుబట్టాడు. అక్కడ జర్నలిస్టులను చంపేస్తారట. మాకు టెన్షన్‌గా ఉంది. అసలు ఇదొక కెరీరేనా?

జవాబు: మీ భయం ఊరికే పుట్టింది కాదండీ. జర్నలిస్టుల హంతకులకు శిక్ష పడని దేశాల జాబితాలో 2015 నుంచి 2022 దాకా ఏటా సోమాలియాదే మొదటి పేరు. అయితే మీవాడు ఇప్పుడు అక్కడికి వెళ్లక్కర్లేదు, వెళ్లకూడదు కూడా. బొసాసో, ఐల్ రేవుల్లో జాలర్ల గోడు విని రాయాల్సింది సోమాలీ తెలిసిన అక్కడి రిపోర్టర్లే. రాజధాని మొగదిషులో 2022లో అందరూ మహిళలే ఉన్న బిలాన్ అనే న్యూస్‌రూమ్ కూడా మొదలైంది. అలాంటివాళ్లకు దూరం నుంచి తోడుగా చేయగల పని ఒకటుంది. ఆ ఓడ ఎవరిదో తేల్చడం.

ఓడకు పేరు మార్చి రాయొచ్చు, జెండా మార్చొచ్చు. ఏడంకెల ఐఎంఓ నంబరు (ఓడకు అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) మాత్రం మారదు. అది లేని పడవలూ చాలా ఉంటాయి. వాటిని అవి పంపే సిగ్నళ్లు, ఉపగ్రహ చిత్రాలతో వెతకాలి. 2019, 2020ల్లో సోమాలియా, యెమెన్ జలాల్లో అక్రమంగా తిరిగిన 192 ఇరాన్ పడవలను గ్లోబల్ ఫిషింగ్ వాచ్ లాంటి సంస్థలు అలాగే బయటపెట్టాయి. వాళ్ల మ్యాపు ఉచితం, ఈ రాత్రే తెరిచి చూడమనండి.

ఇంతకంటే కష్టమైంది 'అక్రమం' అన్న మాట. 1991లో ప్రభుత్వం కూలాక సముద్రానికి కాపలా లేకుండా పోయింది. తర్వాత పుంట్‌లాండ్ ప్రాంతం తన లైసెన్సులు తాను ఇచ్చింది, మొగదిషు ఆ హక్కు తనదేనంది. కాబట్టి ఒక ఓడ ఒకరికి దొంగ, మరొకరికి లైసెన్సుదారు కావచ్చు. ఆ కాగితం ఎవరిచ్చారు, సంతకం పెట్టే అధికారం వాళ్లకుందా అని చూడకుండా రాస్తే ముందు ఇబ్బంది పడేది అక్కడి రిపోర్టరే. నేను మీవాడిలో చూడాలనుకునేది ఈ ఓపికనే.

చదువు సంగతి: ఆంధ్రా, ఉస్మానియా యూనివర్సిటీల్లో జర్నలిజం పీజీ ఉంది, చెన్నైలో ఏసీజే (ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం) ఉంది. ఇంగ్లిష్, స్ప్రెడ్‌షీట్, సముద్ర చట్టం గట్టిగా రావాలి. నేరుగా ఈ పనికే ఉద్యోగ ప్రకటన రావడం అరుదు. మొదట మామూలు డెస్కులో చేరాలి, జీతం తక్కువే ఉంటుంది. నాలుగు మంచి కథనాలు చేతిలో ఉంటే పులిట్జర్ సెంటర్ లాంటి చోట సముద్ర కథనాల గ్రాంటుకు దరఖాస్తు చేయొచ్చు.

ఈలోగా మీ ఊరి హార్బరే బడి. జూన్ 14తో వేట నిషేధం ముగిసి బోట్లు కదిలేటప్పుడు వెళ్లి ఒక సరంగు (బోటు నడిపే అతను) పక్కన కూర్చోమనండి. డీజిల్ ఎంత పోశారు, ఐస్ ఎన్ని దిమ్మలు, వల కన్ను ఎంత, చేప దొరక్కపోతే అప్పు ఎవరిది అని అడగమనండి. రేపు బొసాసో జాలరితో ఫోన్లో మాట్లాడాల్సి వచ్చినా మొదట అడగాల్సినవి ఇవే.